పన్నెండు చెవుల పట్టిక

నేను రాసిన పరిశోధన పత్రాలు నూట పన్నెండు. చదివేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి నాకు ఒక నమస్కారం పెట్టుకోవచ్చు. పెట్టుకున్నారు కదా, ఇప్పుడు చెబుతాను. నూట పన్నెండు కాదు, అరవై. అరవై అని నా పదవీ విరమణ సభలో చదివిన కాగితంలో ఉంది. ఆ కాగితం రాసిచ్చింది నేనే. ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని లెక్కపెట్టుకుంటే ముప్పై ఒకటి తేలాయి. అందులోనూ నాలుగు, ఒకే మనిషి నాలుగు తలపాగాలు చుట్టుకుని వచ్చినట్టు, ఒకే పత్రం.

మదురైలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. మా ఇళ్లల్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లిషు. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక, ఉద్యోగం వదిలి కోయంబత్తూరు వచ్చి, పొద్దు గడవక. అందుకని నా అబద్ధాలన్నీ ఇంగ్లిషులో అచ్చయి ఉన్నాయి. ఒప్పుకోళ్లు తెలుగులో మొదలుపెడుతున్నాను.

పోయిన ఆడి మాసంలో, అంటే మన ఆషాఢంలో, గాలి కిటికీ రెక్కల్ని కొడుతున్న రోజుల్లో, ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. దూరపు చుట్టం, వరసకు మనవరాలు. ఇక్కడే ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ఆమె పరిశోధన చెట్ల మీదా పురుగుల మీదా కాదు, పరిశోధనల మీదే. ఒకరు రాసిన పత్రాన్ని ఇంకొకరు తమ పత్రంలో తలచుకుంటే దాన్ని సైటేషన్ అంటారు. ఎవరి పత్రాన్ని ఎవరు తలచుకున్నారు, ఒక శాస్త్రంలో పుట్టింది ఏయే శాస్త్రాల్లోకి వెళ్లింది, అక్కడ ఏమైంది అని ఆమె వెతుకుతుంది.

"తాతా, మీ హెచ్-ఇండెక్స్ ఎంతో తెలుసా?" అంది కాఫీ అందుకుంటూ.

"పంతొమ్మిది," అన్నాను.

ఆమె నా ముఖం చూసి నవ్వు ఆపుకుంది. "మూడు."

అంటే, కనీసం ముగ్గురు తలచుకున్న పత్రాలు నావి మూడు ఉన్నాయని. నాలుగేసి మంది తలచుకున్నవి నాలుగు లేవని.

"బాధపడకండి. మీ ముప్పై పత్రాల్ని లోకం ఇంచుమించు సుమ్మా, ఊరికే వదిలేసింది. ఒక్కదాన్ని మాత్రం వదల్లేదు. చూడండి."

లాప్‌టాప్ నా వైపు తిప్పింది. నల్లటి తెర మీద చుక్కలు. ఒక్కో శాస్త్రానికి ఒక్కో రంగు. నడుమ ఒక చిన్న తెల్ల చుక్క, దాని నుంచి సన్నటి గీతలు అన్ని రంగుల్లోకీ పోతున్నాయి. చీకటి పడే వేళ కనుమ దిగుతూ బస్సు కిటికీలోంచి చూస్తే కింద మా ఊరు బోడినాయకనూరు దీపాలు ఇలాగే కనిపిస్తాయి, మంచులోంచి ఒకటొకటిగా. ఆ తెల్ల చుక్క నేను ముప్పై ఏళ్ల వయసులో ఏలక్కాయల మీద రాసిన పత్రం. నేను తరగతిలో సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్న ఇన్నేళ్లూ అది నాకు చెప్పకుండా ఊళ్లు తిరిగిందన్నమాట. ఆహారశాస్త్రంలో మొదలైంది. అక్కణ్ణుంచి ధ్వనిశాస్త్రంలోకి దిగింది. చెవి వైద్యుల దగ్గర కొన్నాళ్లు ఉంది. ద్రాక్షసారా రుచి చూసేవాళ్ల దగ్గరికి, పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ల మీద పరిశోధన చేసేవాళ్ల దగ్గరికి కూడా వెళ్లొచ్చింది. నాకు ఒళ్లు తేలికైపోయింది. ఎవరో నా పిల్లను పెంచి పెద్దచేసి పట్టుచీర కట్టించి ముందు నిలబెట్టినట్టు అనిపించింది.

"అందరూ తలచుకునేది మూడో పట్టిక, తాతా," అందామె. "పన్నెండు మంది వినేవాళ్ల పట్టిక."

తేలుతున్నవాణ్ణి నేల మీదికి వచ్చాను.

ఆ పత్రంలో ఉన్నది ఇది. పచ్చి ఏలక్కాయల్ని కొండమీది స్టోరులో ఆరబెడతారు. స్టోరంటే సరుకు దాచే కొట్టు కాదు. లోపల తీగ తట్టలు, కింద వేడి గొట్టాలు, పక్కన కట్టెల పొయ్యి. రోజంతా వేడి తగిలాక కాయ ఎండిందా లేదా తెలుసుకోవడానికి పిడికెడు తీసి చెవి దగ్గర ఆడిస్తారు. ఎండితే లోపలి గింజ గలగలమంటుంది. పన్నెండు మంది విని చెప్పిన తీర్పుల్ని నేను ప్రయోగశాలలో తేమ కొలిచి సరిపోల్చాను. పన్నెండు మందిలో ఐదో మనిషి ప్రతిసారీ అందరికంటే కఠినం. అందరూ "ఎండింది" అంటే ఐదో మనిషి "లేదు" అంటాడు. ఒక మనిషి చెవి ఎప్పుడూ ఒకే వైపు ఒరిగి ఉంటుందని, అది లెక్కకు అందుతుందని రాశాను. చెవి వైద్యులూ పరీక్షలు దిద్దేవాళ్లూ పట్టుకున్నది ఆ ఐదో మనిషినే.

"నా థీసిస్‌లో పెద్ద అధ్యాయం మీ పట్టిక మీదే, తాతా. కార్తీకం లోపల ఇచ్చెయ్యాలి. మా గైడు ఒక్కటే అడుగుతాండారు. ఆ పన్నెండు మంది ఎవరు? ఎట్లా ఏరినారు?"

ఇక్కడ నేను నిజం చెప్పి ఉండవలసింది. "ఒకాయన నాదస్వరం ఊదేవాడు," అన్నాను. ఆమె టైపు చేసుకుంది. "ఒకామె కుండలు తట్టి చూసి బేరం చేసేది. ఇంకొకడు గడియారాలు బాగుచేసేవాడు." నా నోట్లోంచి మనుషులు వరసగా నడిచి వస్తున్నారు, ఒక్కొక్కరికీ చెప్పులు కూడా తొడిగాను. ఐదోవాడికి పెద్ద మీసం పెట్టాను.

"ఎవరైనా బతికుండారా?"

"ఒకరున్నారు. బోడిలో." ఆ పూట నేను పలికిన నిజం అదొక్కటే.

అంతే, బయలుదేరదామంది.

నిజం ఏమిటంటే విన్నది మా మేనత్త ఒక్కతే. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. కొండమీది తోట మా పన్నెండు ఇళ్ల దాయాదులది, ఉమ్మడి. స్టోరు తాళం అత్త కొంగున ఉండేది. తెల్లవారి పొగమంచులో ఆమె స్టోరు తలుపు తీస్తే లోపలి వేడి, ఏలక్కాయ వాసన, కట్టెల పొగ కలిసి ఒక పెద్ద జంతువు ఊపిరి వదిలినట్టు బయటికి వచ్చేవి. మా పన్నెండు ఇళ్లకు ఒక ఆచారం ఉండేది. ఒక్కో తట్ట నుంచి పన్నెండు పిడికిళ్లు తీయాలి, ఒక్కో ఇంటి పేరున ఒకటి. పెద్దింటికి, పడమటింటికి, మెట్టింటికి... అలా పేరు చెప్పి ఆడించి వినాలి. పన్నెండు ఇళ్లకూ "ఎండింది" అని పలికితేనే గోతం నింపాలి. ఒక్క ఇంటికి పలకకపోయినా ఇంకో గంట వేడి. ఏ ఇల్లూ తనకు పచ్చికాయ వచ్చిందని రేపు అనకూడదు, అదీ లెక్క.

నేను నోటు పుస్తకంలో పన్నెండు గళ్లు గీసి, పైన ఇళ్ల పేర్లు వేసి, అత్త చెప్పింది చెప్పినట్టు గుర్తు పెట్టుకున్నాను. పత్రం రాసి విదేశీ పత్రికకు పంపితే తిరిగి వచ్చింది. ఒక్క మనిషి చెవి శాస్త్రం కాదట, వినేవాళ్లు ఎందరని అడిగారు. నేను ఆ పుస్తకం తెరిచి చాలాసేపు చూశాను. పన్నెండు గళ్లు ఉన్నాయి. ఇళ్ల పేర్లు చెరిపి ఒకటి, రెండు, మూడు అని వేశాను. అంతే. చాలా చిన్న పని. ఒక్క సాయంత్రం పట్టింది.

ఆ నోటు పుస్తకం సంచిలో వేసుకుని, కోయంబత్తూరు సింగానల్లూరు బస్టాండులో ఆ అమ్మాయితో తేని బస్సెక్కాను. పళని దాటేదాకా ఆమె చెవులకు తగిలించుకుని పాటలు వింది. నేను ఎండలో మెరిసే గాలిమరల్ని చూస్తూ నాదస్వరం ఆయన గురించి ఆలోచించాను. అప్పటికి ఆయన నాకు బాగా ఇష్టుడయ్యాడు.

వత్తలగుండులో టీ తాగుతున్నప్పుడు అన్నాను. "అమ్మాయ్, ఆ నాదస్వరం ఆయన లేడు."

"పాపం, ఎప్పుడు పోయినారు?"

"పోలేదు. పుట్టలేదు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "మరి పదకొండు మందేనా?"

"ఏడుగురు అనుకో."

బస్సు కదిలింది. ఆమె మళ్లీ పాటలు పెట్టుకోలేదు. తేని వచ్చింది. బస్టాండులో ద్రాక్ష గంపల మధ్య నిలబడి నన్నే చూస్తూ ఉంది. "తాతా, ఇప్పుడు ఎంతమంది?"

"ముగ్గురు," అన్నాను.

"కుండలు తట్టే ఆమె ఉందా?"

"లేదమ్మా."

"మీసం?"

తల అడ్డంగా ఊపాను. మీసం గురించి నాకే ఎక్కువ దిగులేసింది.

బోడిలో బస్సు దిగి, ఏలక్కాయ మండీల వీధిలోంచి నడుస్తున్నాం. ఆ వీధిలో గాలికే యాలకుల రుచి ఉంటుంది. ఆమె ఆగిపోయింది. ఆమె అడక్కముందే నేను చెప్పాను. "ఒక్కరు. మా అత్త."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతో వచ్చిన నీళ్లు అవి, నాకు తెలుసు, పరీక్ష హాల్లో చాలా చూశాను. "నా అధ్యాయం పేరు ఏమని పెట్టినానో తెలుసా తాతా? ఒక నమ్మకమైన పట్టిక ప్రయాణం అని. రెండేళ్లు చేసినాను. ఇప్పుడు అది తీసేస్తే కార్తీకానికి నేను ఏమియ్యాల? తీయకుండా ఇస్తే నేనూ మీరే అవుతాను కదా?"

సంచిలోంచి నోటు పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నడివీధిలోనే తెరిచింది. చెరిపిన చోట్ల పెన్సిలు జాడ ఇంకా ఉంది. ఐదో గడి పైన "బావిల్లు" అని కనిపిస్తోంది, బావి పక్కనున్న ఇంటి పేరు.

"మీ అత్తనన్నా చూసి పోతాను," అంది.

అత్తకు తొంభై దాటాయి. వసారాలో చాప మీద కూర్చుని కాళ్లు చాపుకుని ఉంది. నన్ను చూడగానే, "వచ్చినాడమ్మా ప్రొఫెసరు! ఎవురు రా ఈ పిల్ల, నీ లెక్కలంతా రాసిపెట్టే గుమాస్తానా?" అంది. చెవులు మందగించాయి కాబట్టి ఊరందరికీ వినపడేట్టు మాట్లాడుతుంది.

నేను పక్కన కూర్చుని, మొదట హెచ్-ఇండెక్స్ నుంచి మొదలుపెట్టాను, పిరికివాడు వీధి చుట్టి ఇంటికి వచ్చినట్టు. "అత్తా, మూడు గోతాలుండాయి అనుకో. ఒక్కోదాంట్లో కనీసం మూడు పిడికిళ్ల కాయ ఉంటే నాకు మూడు మార్కులు."

"ఒక గోతంలో నిండా ఉండి, మిగతా రెంట్లో మూడేసి ఉంటే?"

"అయినా మూడే."

"ఇదేం కొలత రా? ఎవడో గోతం ఎత్తనివాడు పెట్టినట్టుండాది."

అమ్మాయి పక్కున నవ్వింది. ఆ రోజు తేని దాటాక అదే మొదటి నవ్వు. ఆపైన తనే అత్త చెవి దగ్గరికి వంగి, పన్నెండు పిడికిళ్ల సంగతి, ఐదో ఇంటి సంగతి, దేశదేశాల్లో దాన్ని చదువుతున్న సంగతి గట్టిగా చెప్పింది. ఆఖరున అడిగింది. "అవ్వా, ఒకే తట్టలో కాయ. విన్నది మీరొక్కరే. మరి బావింటికి మాత్రం ఎప్పుడూ ఎండలేదని ఎట్లా పలికింది?"

నలభై ఏళ్లుగా ఆ ప్రశ్న నాకు రాలేదు. నేను శాస్త్రవేత్తనని ముందే చెప్పాను కదా.

అత్త చాప అంచు పుల్లను గోటితో లాగుతూ ఉంది. తరవాత మామూలు మనుషుల గొంతుతో, అంటే ఆమె లెక్కకు చాలా మెల్లగా, అంది. "ఆ ఇంట్లో బిడ్డకు చెవులు కుట్టిన రోజు. సారెసీరు తట్టలు ఎత్తుకుని ఆడోళ్లంతా వరసగా పోతాండారు. నేనూ ఒక తట్ట పట్టుకున్నాను. ఆ ఇంటామె వచ్చి నా చేతిలోంచి తీసుకునింది. మొగుడు లేనిదానివి, నువ్వు పక్కన కూర్చో, వెనక అన్నం తిందువులే అనింది. అందరి ముందర." పుల్ల తెగింది. "మర్నాడు స్టోరులో బావింటి పిడికిలి ఆడిస్తే గలగలమనే పలికింది. నేను లేదన్నాను, ఇంకో గంట వేడి పెట్టించి అప్పుడు ఒప్పుకున్నాను. ఆపైన అదే అలవాటయి పోయింది."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా చిన్నతనం దాటాక ఆ ఇంటికి ఊళ్లో "పచ్చిల్లు" అని పేరు పడింది. వాళ్ల వల్లే గోతాలు ఆలస్యమవుతాయని కూలీలు కూడా ఎకసెక్కం ఆడేవాళ్లు. ఆ ఎకసెక్కం అంకెలుగా మారి, నా పట్టికలో కూర్చుని, చెవి వైద్యుల దాకా వెళ్లింది.

"తాతా," అంది అమ్మాయి. "పట్టిక అబద్ధమని మీరే పత్రికకు రాస్తే, నేను నా అధ్యాయం తీసెయ్యక్కరలే. ఈ కథే రాస్తాను. ఒక అలక పదకొండు శాస్త్రాలు ఎట్లా తిరిగిందో. మీరు రాయకపోతే మాత్రం నాకు చెప్పే హక్కు లేదు. అంతా మొదటి నుంచి చెయ్యాల."

"రాస్తే ఆ పత్రమే తీసేస్తారు," అన్నాను. "నా హెచ్-ఇండెక్స్ రెండవుతుంది."

"మూడుంటే ఏం కొన్నావు రా?" అంది అత్త. ఇది ఎలా వినబడిందో! "ముందు నువ్వు లేచి బావింటికి పో. కొత్త కాయ పిడికెడు తే."

ఆ ఇంటి గడప మా వైపు వాళ్లు ఎవరూ తొక్కి ఎన్నాళ్లయిందో. వీధి ఆ చివర. నేను చాలా దర్జాగా నడిచి వెళ్లానని రాయాలని ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగాను. తలుపు తీసింది ఆ రోజు చెవులు కుట్టించుకున్న బిడ్డే. యాభైకి దగ్గరపడ్డాడు, చెవి తమ్మెల్లో కుట్టిన గుర్తులు పూడుకుపోయి ఉన్నాయి.

"అత్త పిడికెడు ఏలక్కాయలు అడిగింది అబ్బాయ్," అన్నాను.

అతను తలుపు పట్టుకుని గడపలోనే నిలబడ్డాడు. "పచ్చింటి కాయా పెద్దనాయనా? మాది ఇంకా ఎండలేదు కదా. అవ్వ ఒప్పుకోవాల." నవ్వుతూనే అన్నాడు, ఆ నవ్వు మాత్రం పాతది. లోపలికి వెళ్లి రెండు దోసిళ్లు కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. "ఒక పిడికెడు చాలునయ్యా," అన్నాను. "ఉండనీండి. అవ్వకు ఒక పిడికిలితో తేలదు," అన్నాడు.

అత్త పొట్లం విప్పి పిడికెడు తీసుకుంది. "బావింటికి," అని పేరు చెప్పి చెవి దగ్గర ఆడించింది. కళ్లు మూసుకుంది. ఆమె ముఖంలోకి ఆ పాత పొగమంచు వచ్చి నిలబడినట్టు ఉంది. మళ్లీ ఆడించింది. ఇంకో చెవికి మార్చింది. చెయ్యి కిందికి దించి, "వినపడలే," అంది. "ఇప్పుడు నా చెవికి అన్ని ఇళ్లూ పచ్చివే."

తరవాత ఆ పిడికిలిని అమ్మాయి చెవి దగ్గరికి తీసుకుపోయి ఆడించింది. "నువ్వు చెప్పు. నిజంగా చెప్పు. ఇతని మాదిరి కాదు."

అమ్మాయి చాలాసేపు వింది. వసారా బయట ఒక జీపు కొండకు పోతూ హారన్ కొట్టింది, అది పోయేదాకా ఆగింది. "గలగలమంటాంది అవ్వా. ఎండింది."

"రాయి రా," అంది అత్త నాతో.

నోటు పుస్తకం తెరిచి ఐదో గడి కింద, ఖాళీ వరసలో, గుర్తు పెట్టాను. అత్త వంగి చూసింది. చదువు రాదు, అయినా ఆ గుర్తు ఆమెకు తెలుసు. మిగిలిన పొట్లం మడిచి అమ్మాయి చున్నీ చివర ముడి వేసింది.

పత్రికకు ఉత్తరం అక్కడే రాశాం. నేను చెబుతుంటే అమ్మాయి లాప్‌టాప్‌లో కొట్టింది. మూడో పట్టికలోని పన్నెండు మంది లేరని, అవి పన్నెండు ఇళ్ల పేర్లని, ఐదో వరసలో ఉన్నది చెవి కఠినత్వం కాదని. పట్టిక పోయినా, పన్నెండు ఇళ్లకూ పలికిన రోజున అత్త మాటకూ నా తేమ కొలతకూ తేడా లేదని కూడా రాశాను, అది నిజం కాబట్టి. అత్త పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా వేయించాను. "వినినవారి సంఖ్య" అన్న చోట ఇద్దరు అని చెప్పాను, ఆ రోజు అమ్మాయి కూడా విన్నది కదా అని.

"తాతా!" అంది.

"సరే, ఒకరు."

పంపించాం. పత్రిక నుంచి అందిందని ఒక ముక్క వచ్చింది, అంతవరకే. ఇంకా నా పత్రం ఆ నల్ల తెర మీద తెల్లగా వెలుగుతూనే ఉందట. ఎప్పుడు ఆర్పుతారో తెలియదు.

తిరుగు బస్సులో అమ్మాయి నిద్రపోయింది. తేని దాటాక రోడ్డు మీద స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆమె చున్నీ ముడిలో కాయలు గలగలమన్నాయి. బాగా ఎండిన కాయలు. నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను, ఒక్కో ఇంటి పేరు తలచుకుంటూ. పన్నెండుసార్లు విన్నానని రాద్దామనుకున్నాను. ఐదోదాకా విన్నాను. ఆపైన నాకూ నిద్ర పట్టింది.